పాత ఇటాలియన్ బైకుకు కంపెనీ మెకానికే దిక్కా?

"పాత ఇటాలియన్ మోటార్‌సైకిల్ చూడ్డానికే బాగుంటుంది. ఇంజను విప్పాలంటే కంపెనీ శిక్షణ, ప్రత్యేక పరికరాలు కావాలి. కార్బురేటర్లు ఎవరికీ లొంగవు. కరెంటు సమస్యలు తీరవు. స్పేర్లు దొరకవు. యజమానులు ఒకరికొకరు చెప్పుకునే సలహాలతో మిగిలింది కూడా పాడవుతుంది." డుకాటీ, మోటో గుజ్జీ, లవెర్దా పేరెత్తితే చాలు, ఈ మాట ఎవరో ఒకరు వల్లిస్తారు. ఇందులో చివరిదాంట్లో కొంత నిజముంది, దాని సంగతి చివర్లోనే చూద్దాం. మిగతావి ఫీలర్ గేజూ (సన్న సందులు కొలిచే రేకులు) మల్టీమీటరూ పట్టుకోకుండా అనేవి.

"డెస్మో వాల్వులు సెట్ చేయడం కంపెనీ మెకానిక్‌కే సాధ్యం"

డెస్మో అనేది డుకాటీ వాల్వుల ఏర్పాటు, కాబట్టి అసలు ఇది అన్ని ఇటాలియన్ బైకులకూ వర్తించే మాట కాదు. గుజ్జీ పెద్ద వి-ట్విన్‌లో పుష్‌రాడ్లు ఉంటాయి, టాపెట్‌కు ఒక స్క్రూ, ఒక లాక్‌నట్టు, అంతే. రెండు హెడ్లూ చెరో పక్కకు పొడుచుకొచ్చి ఉంటాయి కాబట్టి ట్యాంకు కూడా దించనక్కర్లేదు. కవరు విప్పి, పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోకు టీడీసీకి (పిస్టన్ అన్నిటికంటే పైకి చేరే చోటు) తెచ్చి, ఆ మోడల్ మాన్యువల్లో ఉన్న అంకెకు వాల్వుకూ దాన్ని నొక్కే మీటకూ (రాకర్) మధ్య గ్యాపు పెట్టాలి. లాక్‌నట్టు బిగించేటప్పుడు స్క్రూ కాస్త తిరుగుతుంది, అందుకే బిగించాక మళ్లీ కొలవాలి. ఈ రెండో కొలత మానేయడమే ఇక్కడ జరిగే మామూలు పొరపాటు.

ఇక డుకాటీ. మామూలు ఇంజన్లో వాల్వును క్యామ్ తెరుస్తుంది, స్ప్రింగు మూస్తుంది. డెస్మోలో మూసేది కూడా క్యామే. ఫాబియో తాలియోని 1956లో రేసు బండికి చేసిన ఈ ఏర్పాటు 1968లో మార్క్ 3 డెస్మోతో రోడ్డు మీదికొచ్చింది. ఒక్కో వాల్వుకు తెరిచే రాకర్ ఒకటి, మూసే రాకర్ ఒకటి. కాబట్టి రెండు వాల్వుల హెడ్లున్న ట్విన్‌లో మొత్తం ఎనిమిది కొలతలు. పని ఎక్కువే, మాయ మాత్రం ఏమీ లేదు.

తెరిచే వైపు గ్యాపు సూటిగా ఫీలర్ గేజుతో వస్తుంది. 1990ల 900 ఎస్ఎస్ లాంటి బండిలో అది సుమారు 0.10 మి.మీ. దగ్గర ఉండాలి. మూసే వైపుకు గేజు దూరదు, దాన్ని లెక్కగట్టి తెలుసుకోవాలి. ముందు పైన గ్యాపు కొలవండి. తర్వాత మూసే రాకర్‌ను స్క్రూడ్రైవర్‌తో కిందికి నొక్కి పట్టి అదే గ్యాపును మళ్లీ కొలవండి. రెండో అంకెలోంచి మొదటిది తీసేస్తే మిగిలేదే మూసే వైపు గ్యాపు. అది సున్నాకూ 0.05 మి.మీ.కీ మధ్య ఉండాలి. వాల్వు మూసుకుని ఉన్నప్పుడు కింది షిమ్ (గ్యాపును నిర్ణయించే లోహపు ముక్క) వేలితో తిరగకపోతే గ్యాపు అసలు లేనట్టు. బండి రాత్రంతా చల్లారాకే ఇవన్నీ. వేడి ఇంజన్ మీద తీసిన కొలత ఎవరికీ పనికిరాదు.

షిమ్ మార్చేటప్పుడు భయపడాల్సినవి రెండే. షిమ్‌ను పట్టి ఉంచే అరవంకీలు (సగం రింగులు) చిన్నవి, జారితే ఆయిల్ దిగే రంధ్రంలోంచి నేరుగా ఇంజన్లోకి పోతాయి. ముందే ఆ రంధ్రాల్లో గుడ్డ కుక్కండి. రెండోది, అరవంకీలు తీశాక వాల్వు సిలిండర్లోకి జారడం. పిస్టన్ టీడీసీలో ఉంటే కొద్ది మిల్లీమీటర్లు దిగి ఆగుతుంది. ఆ స్థితిలో క్రాంకు మాత్రం తిప్పకూడదు. కొత్త అరవంకీలు వేస్తే అవి కుదురుకుంటూ మూసే గ్యాపును పెంచుతాయి కాబట్టి 1,000 కి.మీ. తర్వాత మరోసారి చూడాలి. ఇది తెలియనివాళ్లే "డెస్మో సెట్టింగ్ నిలవదు" అంటారు.

యజమానులు కలిస్తే లాభం ఎక్కడో చెప్పాలంటే ఇక్కడే. మూసే షిమ్‌ను పలచన చేయొచ్చు: గాజు పలక మీద తడి ఎమరీ కాగితం పరిచి, సమంగా అరగదీస్తూ మైక్రోమీటరుతో చూసుకుంటూ. మందం చేయడం మాత్రం కుదరదు. ఒక బండిలోంచి తీసిన మందపు షిమ్ ఇంకో బండికి సరిగ్గా సరిపోవచ్చు. నలుగురు తమ పాత షిములను ఒక డబ్బాలో వేసి, ఒక్కోదాని మందం రాసిపెట్టుకుంటే కొత్తవి కొనాల్సిన అవసరం చాలావరకు తగ్గుతుంది. ఇచ్చిపుచ్చుకునే ముందు వాల్వు కాడ 8 మి.మీ.దా 7 మి.మీ.దా అని అడగండి. ఒకదాని షిమ్ మరోదానికి పట్టదు.

"బెల్టు తెగితే ఇంజను పోతుంది, అందుకే వాటి జోలికి వెళ్లొద్దు"

మొదటి సగం నిజమే. 1979 డుకాటీ పాంటాతో మొదలైన, క్యామ్‌ను బెల్టుతో తిప్పే ఇంజన్లలో బెల్టు తెగితే పిస్టన్ వాల్వును కొడుతుంది. అంతకు ముందటి బెవెల్ ఇంజన్లలో (క్యామ్‌ను గేర్లూ షాఫ్టూ తిప్పేవి) బెల్టే లేదు. అయితే జోలికి వెళ్లనందువల్లే బెల్టులు తెగుతాయి. ఆ కాలపు బండ్లకు లెక్క 20,000 కి.మీ. లేదా రెండేళ్లు, ఏది ముందొస్తే అది. షెడ్డులో కదలకుండా ఉన్న బండికి కూడా రెండేళ్ల లెక్క వర్తిస్తుంది. నెలల తరబడి ఒకే వంపులో ఉన్న బెల్టుకు అక్కడే పగుళ్లు మొదలవుతాయి.

టైమింగ్ గుర్తులు ఎదురెదురుగా తెచ్చి, పాత బెల్టు విప్పకముందే తెల్ల పెయింటుతో మీ గుర్తులూ పెట్టుకోండి. బెల్టు లేనప్పుడు క్రాంకు గానీ క్యామ్ గానీ తిప్పకూడదు. బిగువుకు రెండు వాల్వుల ఇంజన్లలో యజమానులు వాడే పద్ధతి: స్థిరంగా ఉండే రోలరుకూ బెల్టుకూ మధ్య 5 మి.మీ. అలెన్ కీ తేలిగ్గా దూరాలి, 6 మి.మీ.ది దూరకూడదు. బెల్టును వేలితో మీటి, ఫోన్లో ధ్వని కొలిచే ఆప్‌తో చూస్తే సుమారు 110 హెర్ట్జ్ రావాలి. ఎక్కువ బిగిస్తే రోలరు బేరింగు పోతుంది, వదులైతే పన్ను దాటుతుంది.

"డెల్లోర్టో కార్బురేటర్లు ఎవరికీ లొంగవు"

డెల్లోర్టో అంటే ఇటలీ కార్బురేటర్ల కంపెనీ. దాన్ని తిట్టడం ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది. టాపెట్లు, ఇగ్నిషన్ టైమింగ్ సరిచూడకుండా కార్బురేటరు స్క్రూలు తిప్పితే ఏ దేశపు కార్బురేటరూ లొంగదు. వరస ఎప్పుడూ ఒకటే: వాల్వులు, టైమింగ్, ఎక్కడైనా గాలి లీకవుతోందా, ఆ తర్వాతే కార్బురేటర్లు. ఐడ్లింగ్ ఊగిసలాడుతుంటే మొదటి అనుమానం హెడ్డుకూ కార్బురేటరుకూ మధ్య ఉన్న రబ్బరు మీద.

"పికప్ లేదా, మెయిన్ జెట్ పెద్దది వెయ్" అనే సలహా చాలా తిరుగుతుంది. మెయిన్ జెట్ పని థ్రాటిల్ ముప్పాతిక దాటాకే. పావు వంతు లోపు పైలట్ జెట్టూ స్లైడ్ కోతా చూసుకుంటాయి, మధ్యలో సూది. కాబట్టి గ్రిప్పు మీద ఒక టేపు ముక్క అంటించి, తడబాటు ఏ తెరుపులో వస్తోందో చూడటం ముందు పని. డెల్లోర్టో పీహెచ్ఎఫ్, పీహెచ్ఎమ్ రకాల్లో మిశ్రమం స్క్రూ ఇంజన్ వైపు ఉంటుంది, బయటికి విప్పితే పెట్రోలు పెరుగుతుంది. మూసేసి ఒకటిన్నర చుట్టు విప్పి మొదలుపెట్టండి, ఐడ్లింగ్ అన్నిటికంటే ఎక్కువ పలికిన చోట ఆపండి. రెండు సిలిండర్ల సమతూకం ముందు ఐడ్లింగ్‌లో స్టాప్ స్క్రూలతో, తర్వాత 2,500 ఆర్పీఎమ్ దగ్గర కేబుళ్లతో. దీనికి వాక్యూమ్ గేజులు కావాలి, చెవి చాలదు. ఒక సిలిండర్ ఆపి చూడాలనుకుంటే ప్లగ్ క్యాపును గాల్లో వదలకండి, ఎర్త్‌కు తాకించి ఉంచండి. లేకపోతే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కాలిపోవచ్చు.

అన్నట్టు, 1991-97 నాటి డుకాటీ 900 ఎస్ఎస్‌లో ఉన్నవి జపాన్ కంపెనీ మికునీ కార్బురేటర్లు. "ఇటాలియన్ కార్బురేటరు" అని తిట్టేముందు మూత మీద పేరు చదవాలి.

"కరెంటు సమస్యలు తీరవు"

తీరవు, ఊహించుకుంటూ విడిభాగాలు మారుస్తుంటే. చాలా గుజ్జీలలో స్టార్టరు, ఆల్టర్నేటరు బాష్ కంపెనీవి, అంటే జర్మన్‌వి. ఇటలీకి పడ్డ నిందలో ఎక్కువ భాగం ఎర్త్ వైర్లకూ ఫ్యూజుల చివర్లకూ చెందాల్సింది. రెండు కొనలూ మొనదేలిన పాత రకం ఫ్యూజులు స్ప్రింగు రేకుల మధ్య కూర్చుంటాయి. ఆ రేకులకు పట్టిన చిలుము వల్ల ఫ్యూజు బాగున్నా కరెంటు సరిగా అందదు. సన్న ఎమరీతో రుద్దితే సగం "మిస్టరీలు" అక్కడే తేలిపోతాయి.

మిగతా సగానికి మల్టీమీటరు. ఒక మొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది క్రాంక్‌కేసు మీద పెట్టి స్టార్టరు నొక్కండి. 0.3 వోల్టులకు మించి చూపిస్తే ఎర్త్ బాగాలేదు. అలాగే బ్యాటరీ పాజిటివ్ నుంచి స్టార్టరు బోల్టు వరకు 0.5 దాటకూడదు. ఇంజను 3,500 ఆర్పీఎమ్‌లో ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 దాకా రావాలి.

గుజ్జీ ఛార్జ్ చేయకపోతే ఆల్టర్నేటరు విప్పకముందు డాష్ మీద ఛార్జింగ్ బల్బు చూడండి. రోటరుకు మొదటి కరెంటు ఆ బల్బు గుండానే వెళ్తుంది, బల్బు మాడితే ఛార్జింగే మొదలుకాదు. బల్బు బాగుంటే రోటరు స్లిప్ రింగుల మధ్య ఓములు కొలవండి: మూడు, నాలుగు మధ్య వస్తే బాగున్నట్టు, అనంతం చూపితే తీగ తెగినట్టు. కొన్ని గుజ్జీలలో స్టార్టరు సోలనాయిడ్‌కు (స్టార్టరుకు కరెంటు కలిపే విద్యుదయస్కాంత స్విచ్చు) వెళ్లే కరెంటు అంతా తాళంచెవి స్విచ్చు గుండా తిరిగివస్తుంది. అందుకే బటన్ నొక్కితే ఒక్కోసారి టక్ అని ఊరుకుంటుంది. బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టి, రిలే ద్వారా సోలనాయిడ్‌కు నేరుగా లైను లాగితే ఆ జబ్బు పోతుంది. ఈ చికిత్సను ప్రచారంలో పెట్టింది యజమానులే.

"స్పేర్లు దొరకవు"

బేరింగు మీద 6204 అని ఉంటే అది 20×47×14 మి.మీ., ఏ బేరింగుల దుకాణంలోనైనా ఉంటుంది. ఆయిల్ సీళ్లూ అంతే. పాత బ్రెంబో కంపెనీ బ్రేకు కాలిపర్లు డుకాటీ, గుజ్జీ, లవెర్దా మూడింటికీ వేసినవే. ఒక్క జాగ్రత్త: బ్రేకు పైపు బోల్టు మర పిచ్ చూసుకోండి. పాత బ్రెంబోలది ఎక్కువగా ఎమ్10×1.0. జపనీస్ బండ్ల 1.25 బోల్టు రెండు చుట్లు ఎక్కుతుంది, మూడో చుట్టుకు అల్యూమినియం మరను చీల్చేస్తుంది.

"యజమానుల సలహాలే ఇంజన్లను పాడుచేస్తాయి"

కొన్ని పాడుచేస్తాయి, ఒప్పుకోవాలి. ఆయిల్ కారుతోందని కేసు అంచులకు సిలికాన్ దట్టంగా పూయమనేది అలాంటిదే: లోపలికి పొంగిన ముక్క ఊడి ఆయిల్ దారిని మూసేస్తుంది. "నాది అలాగే నడుస్తోంది" అనేది ఇంకోటి. అది కొలత కాదు. మోడల్, సంవత్సరం, కిలోమీటర్లు, చల్లగా తీసిన అంకె, ఏ పరికరంతో తీశారు, ఇవి అడగకుండా జవాబిచ్చేవాళ్ల మాట వినకపోవడమే మంచిది.

మంచి సలహా ఎలా ఉంటుందంటే, 1975 నాటి గుజ్జీ 850 టీ3 నుంచి ఆయిల్ ఫిల్టరు సంపు (ఇంజన్ అడుగున ఆయిల్ తొట్టి) లోపల ఉంటుంది. అది వదులైతే బయటికి తెలియదు, ప్రెషర్ మాత్రం పడిపోతుంది. అందుకని ఫిల్టరు చుట్టూ ఒక హోస్ క్లిప్పు బిగించి, అది తిరగబోతే పక్క గోడకు తగిలి ఆగేలా క్లిప్పు తల పెట్టమంటారు. ఏది చెడుతుంది, ఎందుకు చెడుతుంది, ఏం చేస్తే ఆగుతుంది, మూడూ అందులో ఉన్నాయి.

ఇంట్లో చేయకూడని పనులూ ఉన్నాయి. బెవెల్ ఇంజన్ గేర్ల మధ్య షిములు పెట్టడం, ముక్కలుగా అతికిన క్రాంకును విడగొట్టి మళ్లీ నొక్కడం, వాల్వు గైడ్లు మార్చడం అనుభవమున్న ఇంజన్ షాపు పనులు. 1970ల గుజ్జీ 850లలో చాలావాటికి అల్యూమినియం సిలిండర్ల లోపల క్రోమ్ పూత ఉంటుంది. దాన్ని బోరు చేయడం కుదరదు, ఆ పూత వయసు మీద పడితే పొరలుగా లేస్తుంది. ఆయిల్ దించినప్పుడు అడుగున మెరిసే పలచటి రేకులు కనిపిస్తే కొత్త ఆయిల్ పోసి స్టార్ట్ చేసి చూడొద్దు. హెడ్లు విప్పి, సిలిండర్ల పై అంచునూ ఎగ్జాస్టు వైపునూ లైటు వేసి చూసి, పూత లేచి ఉంటే సిలిండర్లను నికెల్-సిలికాన్ కార్బైడ్ పూతకు పంపండి.