అడవి పోయాక అదే హాకెన్‌హైమా?

ధవళేశ్వరం దగ్గర ఇప్పుడున్నది కాటన్ దొర కట్టించిన కట్ట కాదు. 1847లో మొదలై 1852కి పూర్తయిన ఆ రాతికట్ట పాతబడిపోతే, 1970ల్లో పని మొదలుపెట్టి 175 గేట్ల బ్యారేజీ కట్టారు. అయినా మా కోనసీమ వాళ్లం ఇప్పటికీ ‘ఆనకట్ట మీంచి వచ్చాం’ అనే అంటాం. నీళ్లు అవే కాలవల్లోకి వెళ్తున్నాయి, అవే చేలు తడుస్తున్నాయి. నాకేం అభ్యంతరం లేదు.

జర్మనీలోని హాకెన్‌హైమ్ కార్ల రేస్ ట్రాక్‌ని మార్చేశాక కూడా అదే హాకెన్‌హైమ్ అనడానికి మాత్రం మనసొప్పదు. మొన్న ఇక్కడి మనవాళ్ల భోజనాల్లో కాకినాడ మిత్రుడొకాయన ఈ ఆనకట్టనే నా మీదకి విసిరాడు. ‘ఊరదే, పేరదే, గ్యాలరీల మధ్య తిరిగే స్టేడియం మలుపులవే. ఇంకేం కావాలండీ?’ అని.

అడవి కావాలి. 2001 దాకా ఆ ట్రాక్ 6.8 కిలోమీటర్లు. చెట్ల మధ్య పొడుగాటి దారుల్లో ఇంజిన్లు ఊపిరి సలపకుండా అరిచేవి, కొన్ని అక్కడే ఆగిపోయేవి. ఆ వేగానికి, కారుని నేలకి అదిమిపెట్టే రెక్కలు పల్చగా పెట్టుకుంటే స్టేడియం మలుపుల్లో కారు జారేది; పట్టు కోసం రెక్క పెంచితే అడవిలో వెనకబడేది. ఎటు మొగ్గాలో తేల్చుకోవడమే అక్కడి అసలు పందెం. 2002లో ట్రాక్‌లు గీసే హెర్మన్ టిల్కె కొత్త గీతతో అది 4.57 కిలోమీటర్లయింది. పాత దారిలో తారు పెళ్లగించి మొక్కలు నాటేశారు. 1968లో పేరున్న రేసర్ జిమ్ క్లార్క్ చనిపోయిందీ ఆ దారిలోనే. ఆయన స్మారకాన్ని కొత్త ట్రాక్ పక్కకి జరపాల్సొచ్చింది!

కొలత తగ్గిందని కాదు నా గొడవ. బెల్జియంలో స్పా అనే రేస్ ట్రాక్ 1979లో 14 కిలోమీటర్ల నుంచి ఏడుకి పడిపోయింది. అయినా ‘ఓ రూజ్’ అనే మలుపు దగ్గర దిగి కొండెక్కడం ఉంది, ఒక మలుపులో ఎండ, ఇంకో మలుపులో వాన ఉన్నాయి. దాన్ని స్పా అనడానికి నాకు నోరొస్తుంది.

మిత్రుడు వినలేదు. చివరికి మా కోనసీమలో ప్రభల తీర్థం జరిగే జగ్గన్నతోట ఎత్తాను. కనుమ నాడు గంగలకుర్రు ఊరి ప్రభ, అంటే దేవుణ్ని పెట్టి ఎత్తుగా అలంకరించిన కట్టడం, మనుషుల భుజాల మీద కౌశిక నదిలోకి దిగి, నీళ్లలోంచి అవతలి గట్టెక్కుతుంది కదా. రేపు దాన్ని ట్రాక్టర్‌కెక్కించి వంతెన మీంచి తీసుకొచ్చేస్తే? ప్రభ అదే, తోటా అదే.

‘అబ్బే, అది తీర్థమెలా అవుతుందండీ!’ అన్నాడు.