బోణీకి దశాంశ స్థానాలు

మా బావమరిది ఉద్యోగం మానేసి గుంటూరు బ్రాడీపేటలో కూర్చుని ఆన్‌లైన్‌లో పచ్చళ్లు అమ్ముతున్నాడు. మొదటి నెల సైటుకి వెయ్యి మంది వచ్చారు, ఇద్దరు కొన్నారు. అందులో ఒకరు మా అత్తగారు, రెండోది పేమెంటు పడుతోందో లేదో చూద్దామని వాడే. వచ్చిన నూరు మందిలో కొన్నవాళ్లెందరు అనేదాన్ని కన్వర్షన్ రేటు అంటారు, మావాడిది 0.2 శాతం. బజార్లో అయితే దీన్ని బోణీ కాలేదు అంటారు, కానీ బోణీకి దశాంశ స్థానాలు ఉండవు కాబట్టి కన్సల్టెంట్లు ఒప్పుకోరు.

అలా ఒక కన్సల్టెంటు వచ్చాడు. ఇప్పుడు సైటంతా శాస్త్రీయం. అరకిలో గోంగూర కోసం నేనే పరీక్షించాను.

తెరవగానే చక్రం తిప్పమంది. తిప్పాక, నోటిఫికేషన్లు పంపుకోనిమ్మంది. అదీ అయ్యాక కింద మూల నుంచి 'తెనాలి నుంచి ఒకరు ఇప్పుడే కొన్నారు' అని మెరిసింది, టైము చూస్తే రాత్రి రెండు! మూడు సీసాలే మిగిలాయట. వెనక వరండాలో జాడీల మధ్య కాలు పెట్టే సందు లేకపోవడం నేను కళ్లారా చూశాను. పది నిమిషాల్లో ఆఫర్ అయిపోతుందని ఒక గడియారం, సైటు మూసి తెరిస్తే మళ్లీ పది నిమిషాలే, దానికి చావు లేదు. తర్వాత 'ఆవకాయ కూడా వేయమంటారా?' అని రెండు బటన్లు. ఒకటి ఎర్రగా, పెద్దగా 'వేయండి'. రెండోది కనీకనబడకుండా 'వద్దు, నాకు రుచి తెలియదు'. గుంటూరులో పుట్టి ఆ రెండోది ఎలా నొక్కుతామండీ? ఆవకాయ బుట్టలో పడింది.

ఇలాంటి 13 ఎత్తుగడలకి డార్క్ ప్యాటర్న్స్ అని పేరుపెట్టి, వాటిని వాడకూడదంటూ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలిచ్చింది. ఆ సంగతి చెబితే మావాడు ఏమాత్రం జంకలేదు, మనం ఇంకా వాడనివి అందులో ఏమున్నాయో చూసి పెట్టమన్నాడు.

ఇక అకౌంటు, ఓటీపీ, పాస్‌వర్డు. పాస్‌వర్డులో ఒక అంకె, ఒక పెద్దక్షరం, ఒక గుర్తు ఉండాలట, గోంగూరకి అంత కాపలా. చిట్టచివరి పేజీలో డెలివరీ 95, ప్యాకింగు 20, హ్యాండ్లింగు 15 (ఈ మూడోది ఏమిటో వాడికీ తెలియదు). బేమార్డ్ అనే పరిశోధన సంస్థ లెక్క ప్రకారం ఆన్‌లైన్‌లో నింపిన ప్రతి 100 బుట్టల్లో దాదాపు 70 డబ్బు కట్టకుండానే వదిలేస్తారు, దానికి ముఖ్య కారణం ఇలా ఆఖర్న తేలే అదనపు ఖర్చులే. డెలివరీ ఖర్చు ముందే చెప్పరా అన్నాను.

"ముందే చెప్తే ఇక్కడిదాకా ఎవరొస్తారు బావా?"

పట్నంబజారు సందులో ఒకాయన ఉన్నాడు, అరచేతిలో చిటికెడు పచ్చడి పెట్టి, "కారం సరిపోయిందా అండీ, ఎంత కట్టమంటారు?" అంటాడు, అంతే. పేరు అడగడు, ఫోన్ నంబరు అడగడు. ఎదగాలనే పట్టుదల లేని మనిషి. ఓటీపీ చెప్తేగానీ గడప దాటనివ్వకుండా ఉంటే ఆయన కొట్టు ఈపాటికి ఎక్కడో ఉండేది.

నెలాఖరుకి మావాడి ఫోను. "బావా, రేటు అయిదు రెట్లయింది!" నిజమే, 0.2 నుంచి 1 శాతానికి వెళ్లింది. ఈసారి వచ్చింది వంద మందే, కొన్నది ఒక్కరు. ఆ ఒక్కణ్నీ నేనే. పార్సిల్ ఇంకా రాలేదు, ఆర్డరు రద్దు చేద్దామంటే ఆ బటన్ ఎక్కడుందో దొరకట్లేదు.