ఎమ్మిగనూరు, కడప, ఆదోని మీదుగా మెయిన్‌ఫ్రేముకు దారి

యంత్రం చెడిపోతే అందులో హాస్యానికి పెద్దగా తావుండదు. మరమ్మతు చేసేవాణ్ణి పిలుస్తాం, బిల్లు చూసి నిట్టూరుస్తాం, అంతటితో సరి. అన్ని యంత్రాలూ బాగానే ఉండి, అన్నింటి మీదా పచ్చదీపాలు వెలుగుతూ, సంబంధించినవారందరూ నిజమే చెబుతూ ఉండగా పని మాత్రం అంగుళమైనా కదలకపోవడం వేరే సంగతి. కర్నూలులో రాజవిహార్ సెంటరుకు దగ్గరలో ఉన్న మా బ్యాంకు శాఖకు అటువంటి యోగం ఒక ఏప్రిల్ నెలలో పట్టింది.

మా ఖాతాలన్నీ హైదరాబాదులోని మెయిన్‌ఫ్రేము అనే పెద్ద కంప్యూటరులో ఉండేవి. కౌంటర్లలోని కంప్యూటర్లు ఒక గేట్‌వే పీసీ ద్వారా దానితో మాట్లాడేవి. శాఖలోని కంప్యూటర్లను కలిపే టోకెన్ రింగ్ అనే పాత పద్ధతి పరికరాలు ముసలివై, విడిభాగాలు దొరకక, చివరికి మా ఊరి ఎండకు తాళలేక మూగబోవడంతో, హెడ్డాఫీసువారు వాటిని తీయించి, ఈథర్‌నెట్ అనే కొత్త పద్ధతి స్విచ్చినీ, ఊరు దాటించి సందేశాలు పంపే కొత్త రూటర్‌నూ, వాటితోపాటు ఒక ఇంజనీరు కుర్రవాణ్ణీ పంపించారు. అతను పెట్టె విప్పుతూనే "గంటలో అయిపోతుంది సార్" అన్నాడు. ఆ మాట చెవిన పడగానే మా అటెండరు వెళ్లి అతనికి ఉగ్గాని, బజ్జీ తెచ్చిపెట్టి, మధ్యాహ్నానికి భోజనమా, టిఫినా అన్నది కూడా అప్పుడే అడిగి ఉంచుకున్నాడు. అతని అనుభవం అటువంటిది.

ఇక్కడ కొంత పూర్వకథ అవసరం. మెయిన్‌ఫ్రేము మాట్లాడేది ఎస్‌ఎన్‌ఏ అనే పద్ధతిలో. ఐబీఎం దానిని ప్రకటించింది 1974లో. రూటర్లకు తెలిసిన ఐపీ అనే పద్ధతికి ప్రమాణపత్రం వెలువడింది 1981లో. పెద్దది చిన్నదాని మాట వినదు, చిన్నదానికి పెద్దదాని మాట అర్థం కాదు. లోకల్ నెట్‌వర్కు మీద ఎస్‌ఎన్‌ఏకు తెలిసిన చిరునామా నెట్‌వర్కు కార్డు మీద ఉండే మ్యాక్ అడ్రసు ఒక్కటే కనుక, దానిని చూసి ఊళ్లు దాటించడం మామూలు రూటర్ వల్ల కాదు. ఈ ఇబ్బంది తీర్చడానికి డీఎల్‌ఎస్‌డబ్ల్యూ అనే ఏర్పాటు చేశారు. దాని ప్రమాణం 1995లో ఆర్‌ఎఫ్‌సీ 1795 అనే పత్రంగా వచ్చింది. ఇటు రూటర్ ఫ్రేము అనే ఎస్‌ఎన్‌ఏ సందేశపు మూటను ఐపీ మీద నడిచే టీసీపీలో చుట్టి, 2065వ పోర్టు మీదుగా అటు రూటర్‌కు పంపుతుంది. అవతలినుంచి జవాబు వచ్చేలోపు గేట్‌వే విసుగు పుట్టి సెషను తెంచుకోకుండా "అందింది, అందింది" అని ఇటు రూటరే బదులు చెబుతూ ఉంటుంది. ప్రభుత్వ కార్యాలయాలలో సైతం ఇంత మర్యాద నేను చూడలేదు.

గంట గడిచింది, మరో గంటా గడిచింది, కౌంటరు తెరల మీద మాత్రం ఏమీ రాలేదు. మేనేజరుగారు ముగ్గురినీ ఒకే ఫోను మీదకు రప్పించారు. లీజు లైను చూసే ఆయన తమ 64 కిలోబిట్ల లైనులో లోపమే లేదన్నాడు, అది నిజం. మా ఇంజనీరు హైదరాబాదుకు పింగ్ అనే పలకరింపు పోతోందనీ, రెండు రూటర్లూ ఒకదానినొకటి గుర్తుపట్టి కనెక్టయ్యాయనీ అన్నాడు, అదీ నిజమే. మెయిన్‌ఫ్రేము ఆపరేటరు తన తెర మీద మా శాఖకు ఎదురుగా 'కనెక్ట్' అనే ఉందన్నాడు. ఆ తెర మీద ఉన్నది ఆ మాటను కుదించి రాసినట్లు కనిపించే అయిదు అక్షరాలు. మెయిన్‌ఫ్రేము పరిభాషలో వాటికి "వస్తే కలుపుకొంటాను" అని అర్థమే తప్ప "వచ్చి కలిశాడు" అని కాదు. నిజంగా కలిస్తే అక్కడ 'యాక్టివ్' అన్న సూచన రావాలి. ఆ సంగతి బయటపడేసరికి మధ్యాహ్నమయింది, అటెండరు భోజనం తెచ్చాడు.

"పింగ్ పోతోందంటున్నావు, మరి ఖాతా ఎందుకు రాదయ్యా?" అని మేనేజరుగారు పదే పదే అడిగారు. పింగ్ అనేది ఐపీ లోకపు వ్యవహారమనీ, ఎస్‌ఎన్‌ఏకు దాని పేరు కూడా తెలియదనీ కుర్రవాడు ఎన్ని విధాల చెప్పినా ఆయనకు నచ్చలేదు. వెల్దుర్తి నుంచి డబ్బు తీసుకోవడానికి వచ్చి బెంచీ మీద కూర్చున్న పెద్దాయన మాత్రం సంగతి వెంటనే గ్రహించాడు. "ఏం సార్, మీ మిషను ఇంగా లేయలేదా? మా బోరు గూడా ఇంతే సార్, మోటరు తిరుగుతాది, నీళ్లు రావు" అన్నాడు. ఆ రోజు మా శాఖలో వినిపించిన సాంకేతిక వివరణలన్నింటిలోకీ స్పష్టమైనది అదే.

చివరికి కుర్రవాడు రూటర్‌లో, అది ఎవరి కోసం వెతుకుతోందో చూపే పట్టిక తీశాడు. అందులో 0200.ఇసిఏ2.0080 అనే చిరునామా ఉంది, దాని పక్కన 'వెతుకుతోంది' అని ఉంది. ఈ చిరునామాను శాఖలో ఎవరూ టైపు చేయలేదు. దీనిని హైదరాబాదుకు చదివి వినిపించే బాధ్యతను మేనేజరుగారు తీసుకున్నారు. ఫోనులో అక్షరాలు ఒకదానికొకటి కలిసిపోతాయని ఆయన ఊళ్ల పేర్లతో చెబుతారు. "ఎమ్మిగనూరు ఇ, కడప సి, ఆదోని ఏ" అన్నారు. అవతలి ఆపరేటరు, "కడపకు కె కదండీ! ఇందులో ఏ నుంచి ఎఫ్ దాకానే అక్షరాలుంటాయి, కె ఎట్లా వస్తుంది?" అన్నాడు. కడప ఇంగ్లీషు స్పెల్లింగు 2005లోనే కె లోకి మారిందని మేనేజరుగారికి తెలియక కాదు. చిన్నప్పటినుంచీ సి తో రాసిన చేయి ఒక ప్రభుత్వ ఉత్తర్వుతో మారుతుందా? ఇద్దరూ జిల్లా పేరు మీద కొంతసేపు వాదించుకున్నారు. లైను మాత్రం నిజంగానే శుభ్రంగా ఉంది, ఒక్క మాట కూడా తెగలేదు.

వాదన తెమిలాక ఆపరేటరు ఆ చిరునామా తమది కాదనీ, తమది 4000.3745.0001 అనీ తేల్చాడు. 3745 అనేది ఐబీఎం కమ్యూనికేషన్ కంట్రోలరు నమూనా సంఖ్య. గుర్తుంటుందని దానిని మ్యాక్ అడ్రసులో ఇరికించడం ఆ రోజులలో వాడుక. గేట్‌వే పీసీ తెరిచి చూస్తే, టోకెన్ రింగ్ కాలం నుంచీ అందులో ఉన్నది సరిగ్గా అదే. పీసీ ఒకరిని పిలుస్తుంటే రూటర్ మరొకరి కోసం వెతుకుతోందన్నమాట.

కుర్రవాడు తన సీనియరుకు ఫోను చేశాడు. ఆయన అడిగినది ఒక్కటే: "ఇంతకు ముందు టోకెన్ రింగా?" ఔననగానే నవ్వడం మాకు కూడా వినిపించింది. టోకెన్ రింగ్ ప్రతి బైటునూ, అంటే ఎనిమిది బిట్ల కట్టను, విలువలో పెద్ద బిట్టుతో మొదలుపెట్టి పంపుతుంది, ఈథర్‌నెట్ విలువలో చిన్న బిట్టుతో మొదలుపెడుతుంది. డీఎల్‌ఎస్‌డబ్ల్యూ రూటర్లు తమలో తాము చిరునామాలు చెప్పుకొనేది టోకెన్ రింగ్ వరుసలోనే. అందువల్ల ఈథర్‌నెట్ వైపునుంచి వచ్చిన ప్రతి చిరునామానూ బైటు బైటుకూ తిప్పివేస్తాయి. కుర్రవాడు ఒక విత్‌డ్రాయల్ ఫారం వెనుక రాసి చూపించాడు: పదికి బదులు పదహారు ఆధారంగా రాసే ఈ లెక్కలో (అందుకే ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు కూడా అంకెలే) 37ను బిట్లుగా రాస్తే 00110111, తిప్పితే 11101100, అంటే ఇసి. 45 తిరగబడితే ఏ2, 40 తిరగబడితే 02, 01 తిరగబడితే 80. మేనేజరుగారు తృప్తిపడక మరొక ఫారం తీసుకొని మళ్లీ వేశారు. లెక్క సరిపోయింది.

కాబట్టి సరైన చిరునామాకు వెళ్లాలంటే పీసీలో సరైనది కానిది రాయాలి. సరైనది రాస్తే సరికానిదాని దగ్గరికి పోతుంది. పీసీలో 0200.ఇసిఏ2.0080 అని టైపు చేయగానే రూటర్ పట్టికలో 4000.3745.0001 కనిపించింది, దాని పక్కన 'దొరికింది' అని వచ్చింది. ఆ తరువాత రెండు వైపులా ఎక్స్‌ఐడీ అనే పరిచయ సంఖ్య ఇచ్చిపుచ్చుకోవాలి. అది 05డి తో మొదలవుతున్నా, ముందునుంచీ సరిగ్గానే ఉన్నందున, ధోన్ పేరు చెప్పే అవకాశం మేనేజరుగారికి దక్కలేదు. హైదరాబాదులో 'యాక్టివ్' పడింది, మా తెరల మీద పచ్చని అక్షరాలు మొలిచాయి, వెల్దుర్తి పెద్దాయన డబ్బు లెక్కపెట్టుకొని వెళ్లాడు.

ఇటువంటి సందర్భాలలో హెడ్డాఫీసుకు నివేదిక పంపాలి. హోస్టు (అంటే మెయిన్‌ఫ్రేము) వాస్తవ చిరునామా అన్న గడిలో ఒకటి, శాఖలో నమోదు చేసిన చిరునామా అన్న గడిలో మరొకటి రాసి, బైట్లు తిరిగే విధానమంతా విడి కాగితం మీద వివరించి, ఫారం వెనుక వేసిన లెక్కను కూడా జతపరిచి పంపాము. అది పది రోజులలో తిరిగి వచ్చింది. రెండు గడుల మధ్య ఎర్ర సిరాతో ఇలా రాసి ఉంది: "రెండు చిరునామాలకూ పొంతన లేదు. సరైనది ఏదో ధ్రువపరచుకొని, తప్పుగా ఉన్నదానిని సరిచేసి, వెంటనే తెలియజేయవలెను."