2400 దగ్గర గట్టు తగాదా

మా ఊళ్ళో గట్టు తగాదా లేని ఇంటిని ఇల్లుగా లెక్కెయ్యరు. మా నాన్న మూరెడు గట్టు కోసం పద్నాలుగేళ్ళు కోర్టు చుట్టూ తిరిగాడు. గెలిచాడు కూడా. గెలిచింది మూరెడు, వకీలు ఫీజులకి అమ్మింది అరెకరం. "నువ్వన్నా ఈ హద్దుల గోల లేని చోట బతకరా" అని నన్ను ఇంజనీరింగ్ చదివించి బెంగళూరు బస్సెక్కించాడు. పదకొండేళ్ళుగా ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఏసీ గదిలో కూర్చుని నేను చేస్తున్న పని ఏమిటయ్యా అంటే, గట్లు వెయ్యడం.

ఆఫీసులో దీన్ని ఎకౌస్టిక్ వేవ్ ఫిల్టర్ డిజైన్ అంటారు. ఫోన్లో కావలసిన ఫ్రీక్వెన్సీలని రానిచ్చి పక్కవాటిని ఆపే బుల్లి బిళ్ళలు చెయ్యడమన్నమాట. విజిటింగ్ కార్డు మీద బానే కనిపిస్తుంది. కానీ స్పెక్ట్రమ్ వ్యవహారం, అంటే రేడియో ఫ్రీక్వెన్సీల పంపకం, మొత్తం రెవెన్యూ వ్యవహారమే. సర్వే నంబర్లుంటాయి, పట్టాలుంటాయి, వేలాలుంటాయి, ఆక్రమణలు సరేసరి. నా కడుపు నింపుతున్న తగాదా 2400 మెగాహెర్ట్జ్ దగ్గరుంది. దానికి పడమర, అంటే కింది వైపు, 2300 నుంచి 2400 దాకా ఫోన్ కంపెనీల బ్యాండ్ 40, పట్టా భూమి. 2010 వేలంతో మొదలుపెట్టి కంపెనీలు వేల కోట్లు పోసి ముక్కలు ముక్కలుగా కొనుక్కున్నాయి. తూర్పు వైపున్నది పోరంబోకు. 1947లో, మనవాళ్ళు స్వతంత్రం హడావిడిలో ఉండగా, అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో దేశాలు కూర్చుని 2450 చుట్టూ ఉన్న నేలని పరిశ్రమలకీ విజ్ఞానానికీ వైద్యానికీ వదిలేశాయి. పోరంబోకంటే తెలిసిందే కదా, ఎవరి పశువుని వాళ్ళు తోలుకొచ్చారు. మైక్రోవేవ్ ఒవెన్ వచ్చింది, బ్లూటూత్ వచ్చింది, వైఫై వచ్చి పందిరే వేసుకుంది. వైఫై మొదటి ఛానెల్ 2402 దగ్గర మొదలవుతుంది. అంటే నూరు మెగాహెర్ట్జ్‌ల పట్టా చేనుకీ ఊరుమ్మడి బీడుకీ మధ్య గట్టు రెండంటే రెండు మెగాహెర్ట్జ్‌లు. మా నాన్న గెలిచిన మూరెడే నయం.

ఇది పెద్దల గొడవ, మనకెందుకు అనుకునేవాళ్ళు మా బామ్మర్దిని కలవాలి. మారతహళ్ళిలో పీజీలో ఉంటాడు. అక్కడ సాంబారుకి ఉన్నంత చిక్కదనం కూడా వైఫైకి లేదు కాబట్టి ఫోన్ హాట్‌స్పాటే దిక్కు. ల్యాప్‌టాప్ పాతది, 2.4 గిగాహెర్ట్జ్ తప్ప మరొకటి ఎరగదు. "బావా, ఫోన్‌లో నెట్ పరిగెడుతోంది, ల్యాప్‌టాప్‌లో పాకుతోంది. ఇది నీ డిపార్ట్‌మెంటే కదా?" అంటాడు. నా డిపార్ట్‌మెంటే. అతని ఫోన్లో బ్యాండ్ 40 ట్రాన్స్‌మిటర్ 200 మిల్లీవాట్లతో అరుస్తుంటుంది. దానికి నాలుగు వేళ్ళ దూరంలో వైఫై రిసీవర్, అందులో పదివేల కోట్లో వంతు సిగ్నల్ కోసం చెవులు రిక్కించి ఉంటుంది. పెళ్ళి ఊరేగింపులో డప్పు కొట్టేవాడి భుజం మీద కూర్చుని వీధి చివర చీమ నడక వినడం లాంటిది. ఆ డప్పుకీ ఈ చెవికీ మధ్య నేను వేసిన గట్టు పొడవు 1.1 మిల్లీమీటర్లు, వెడల్పు 0.9. ఆవగింజలో అణిగిపోతుంది.

అంత చిన్న చోట అంత పని ఎలా జరుగుతుందంటే, ఒక కనికట్టు ఉంది. ఆ ఫ్రీక్వెన్సీలో రేడియో తరంగం గాలిలో దాదాపు 13 సెంటీమీటర్ల పొడవుంటుంది. దాన్ని అలాగే ఫిల్టర్ చెయ్యాలంటే ఫోను సూట్‌కేసంత కావాలి. అందుకని లిథియం టాంటలేట్ పలక మీద అల్యూమినియంతో రెండు దువ్వెనల్ని పన్నులో పన్ను దూర్చి పెట్టి, విద్యుత్తుని ధ్వనిగా మార్చేస్తాం. 1965లో వైట్, వోల్ట్‌మర్ అనే ఇద్దరు చూపించిన దారి ఇది. ధ్వని ఆ పలక మీద సెకనుకి 4 కిలోమీటర్లే నడుస్తుంది. అలా రాకెట్‌ని ఎద్దుల బండెక్కిస్తే 13 సెంటీమీటర్లు కాస్తా 1.7 మైక్రాన్లకి ముడుచుకుంటుంది. ఒక్కో పన్ను వెడల్పు 0.4 మైక్రాన్. ఫోను లోపల ఇంత సంగీతం జరుగుతున్నా వినే భాగ్యం ఎవరికీ లేదు. రివ్యూ మీటింగులు మాత్రం అందరికీ వినిపిస్తాయి.

మీటింగు సంగతి కొంచెం విపులంగా చెప్పాలి. కస్టమర్ తరఫున వచ్చే పెద్దమనిషి మన గుంటూరాయనే. అందుకని ఇంగ్లీషులో మొదలైన మీటింగు తొమ్మిదో నిమిషంలో తెలుగులోకి దిగుతుంది. లాస్ అంటే ఫిల్టరు మింగేసే పవర్, రిజెక్షన్ అంటే పక్కవాడిని ఆపే బలం, రెండిటికీ కొలత డీబీ.

"లాస్ ఎంత వస్తోందండీ?"

"బ్యాండ్ మధ్యలో 1.2 డీబీ. అంచుల్లో రెండున్నర దాకా పోతుంది."

"అబ్బే, అంచుల్లో కూడా ఒకటి దాటకూడదు. వైఫై వైపు రిజెక్షన్ మాత్రం యాభై కావాలి."

"నిచ్చెనలో ఇంకో మెట్టు వేస్తే వస్తుందండి. కానీ మెట్టు మెట్టుకీ లాస్ పెరుగుతుంది, సైజూ పెరుగుతుంది."

"సైజు ముట్టుకోకండి. ధర సంగతి మనం మనం తర్వాత మాట్లాడుకుందాం."

కట్నం వద్దు, పిల్ల ఉద్యోగం చెయ్యాలి, ఇంట్లోనే ఉండాలి అన్నట్టుంటుంది వ్యవహారం. ఒక్క డీబీ అంటే దారిలో ఇరవై శాతం పవర్ వేడిగా పోయినట్టు. మూడైతే సగం. ఆ మెట్లనే రెజొనేటర్లంటారు, ఒక్కోటీ ఒక దువ్వెనల జత. వాటిని ఎడాపెడా పేర్చి గట్టు నిటారుగా లేపితే బ్యాటరీ కూర్చుంటుంది. బ్యాటరీని కాపాడదామని మెట్లు తగ్గిస్తే గట్టు ఏటవాలుగా జారి పక్కవాడి చేలో పడుతుంది. గట్టు కూడా నేలనే తింటుందని మా ఊళ్ళో పలుగు పట్టిన ప్రతివాడికీ తెలుసు. ఎంబీయే చదివితే మర్చిపోతారేమో.

ఇంతకీ అసలు దుర్మార్గం గట్టు వెడల్పులో లేదు. గట్టు నడుస్తుంది. మామూలు లిథియం టాంటలేట్ ఫిల్టరు ఒక్కో డిగ్రీ వేడెక్కినప్పుడల్లా పది లక్షలకి నలభై వంతుల చొప్పున కిందికి జారుతుంది. నలభై వంతులే కదా అని ఊరుకోకండి. 25 డిగ్రీల నుంచి 85కి పోతే 2400 దగ్గర అది 5.8 మెగాహెర్ట్జ్‌లు. ఉన్న గట్టు రెండు, అది నడిచే దూరం ఆరు! ఎండాకాలం పట్టా రైతు తూర్పు అంచు కోసుకుపోతుంది. చలికి అదే గట్టు అటు జరిగి వైఫై పందిట్లో కాళ్ళు చాపుకుంటుంది. మా నాన్న ప్రత్యర్థి కూడా ఇంత బాహాటంగా చెయ్యలేదు, పాపం రాత్రిపూట పలుగుతో జరిపేవాడు.

డేటాషీట్లో ఈ నడక కనపడదు. అక్కడ ఒక చక్కటి అంకె ఉంటుంది, పక్కన టిపికల్ అని రాసుంటుంది, అడుగున 25 డిగ్రీలు అని చీమతలంత అక్షరాలుంటాయి. డేటాషీట్లో అందరం బెంగళూరు చలికాలపు సాయంత్రంలోనే కాపురముంటాం. ఫోను మాత్రం మే నెలలో విజయవాడలో కారు డ్యాష్‌బోర్డు మీద మ్యాప్ చూపిస్తూ ఉంటుంది.

గట్టు కదలకుండా రాయి పాతొచ్చు. పైన సిలికా పొర వెయ్యాలి. లోకంలో చాలా వస్తువులు వేడికి మెత్తబడతాయి, సిలికా మా పెద్ద మేనత్త లాగా వేడెక్కేకొద్దీ బిగుసుకుంటుంది. రెండూ కలిస్తే నడక చాలావరకు ఆగుతుంది. కాకపోతే ఆ పొర బరువుకి కప్లింగ్, అంటే విద్యుత్తు ధ్వనిగా మారే పాలు, పడిపోయి, వందెకరాలు ఉండాల్సిన చేను ఎనభైకి దిగుతుంది. సిలికాన్ మీద పల్చటి టాంటలేట్ అతికించే కొత్త పద్ధతిలో ఈ బాధలు తక్కువ, బిల్లు ఎక్కువ.

ఈ దువ్వెనలే వద్దు, బల్క్ ఫిల్టరు చెయ్యమనే పక్షం ఒకటుంది. అల్యూమినియం నైట్రైడ్ పొర మొత్తాన్ని మందం దిశలో ఊపుతారు. వేడికి నడక తక్కువ, ఎక్కువ పవర్‌ని ఓర్చుకుంటుంది. కాకపోతే మందమే ఫ్రీక్వెన్సీ. మైక్రాను అటూ ఇటూగా ఉన్న పొరలో వెయ్యో వంతు తేడా వచ్చిందంటే హద్దు రాయి రెండు మెగాహెర్ట్జ్‌లకి పైన జరిగినట్టే. అందుకని పలక పలకనీ అయాన్ పుంజంతో గీకి సరిచేస్తారు. నానోమీటర్ల లెక్కన గట్టు చెక్కడమన్నమాట. పైగా ఆ పదార్థపు కప్లింగ్ ఆరేడు శాతమే. అందులో సగం వెడల్పు ఫిల్టరు హాయిగా వస్తుంది, బ్యాండ్ 40కి కావలసింది 4.3 శాతం. దీనికి విరుగుడుగా 2009లో జపాన్‌లో అకియామా బృందం స్కాండియం కలిపితే పీజో గుణం, అంటే విద్యుత్తుకి ఊగే గుణం, బాగా పెరుగుతుందని చూపించింది. కలిపితే వెడల్పు వచ్చింది, క్యూ, అంటే ఆ ఊపు ఆరిపోకుండా నిలిచే గుణం, తగ్గి లాస్ పెరిగింది. ఆంధ్రా మెస్‌లో కారం పొడి లాంటిదే, రుచి పెరిగిన సంగతి వెంటనే తెలుస్తుంది, మిగతాది మర్నాడు.

ఇన్ని విషయాలు కూలంకషంగా పరిశీలించిన మీదట ప్రభుత్వం వారికి నా విన్నపం ఒక్కటే. 2390 నుంచి 2400 వరకు సదరు పది మెగాహెర్ట్జ్‌లని గట్టుగా ప్రకటించి, హద్దు రాళ్ళు పాతించి, అడంగల్లో ఎక్కించాలి. అందులో ఎవరూ దున్నకూడదు, మేపకూడదు, టవరు పెట్టకూడదు. ఆ పది ఇస్తే నా ఫిల్టరు వేసవిలో నడిచినా తన చోట్లోనే నడుస్తుంది. మా బామ్మర్ది ల్యాప్‌టాప్ లేచి నిలబడుతుంది. గుంటూరాయనకి ఒక డీబీ దొరుకుతుంది. నాకు రాత్రి పదకొండింటి కాల్ తప్పుతుంది.

ఈ విన్నపాన్ని మొన్న సిల్క్ బోర్డు దగ్గర బండి ముందుకి కదలక, గంట టైముంటే, నాన్నకి ఫోన్లో చదివి వినిపించాను. ఓపిగ్గా విన్నాడు. మధ్యలో రెండుసార్లు లైను తెగింది, ఎందుకో ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

"బానే రాశావు గానీ," అన్నాడు చివర్లో, "ఆ పదీ వేలానికి పెడితే ఎంత పలుకుద్దిరా?"

చెప్పాను.

"అయితే నీకు గట్టు రాదు" అని పెట్టేశాడు.