ఆరు తూటాల రివాల్వరా, ఎనిమిది తూటాల పిస్టలా?

మన దేశంలో 9 ఎంఎం, .45 అంగుళాలు నిషిద్ధ బోర్లు (బోరు అంటే తుపాకీ గొట్టం లోపలి వెడల్పు). మామూలు లైసెన్సుకు రావు. ఆత్మరక్షణకు చేతి తుపాకీ కొనేవాళ్లు చాలావరకు .32 దగ్గరే ఆగుతారు. అక్కడ మొదలవుతుంది తగువు: కాన్పూర్‌లో తయారయ్యే రివాల్వరా, ఈశాపూర్‌లో తయారయ్యే అశని పిస్టలా?

పిస్టల్ వాది: మీ రివాల్వర్ తూటా .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్, దాని గుండు బరువు 98 గ్రెయిన్లు, వేగం సెకనుకు 700 అడుగుల చిల్లర. మా పిస్టల్ తూటా .32 ఏసీపీ, గుండు 71 గ్రెయిన్లే, కానీ 900 అడుగులు. దెబ్బలో మాదే కాస్త పైచేయి.

రివాల్వర్ వాది: కాస్తే! రెండూ చిన్న తూటాలే. అన్నట్టు, బోరు ఒకటే కదా అని ఏసీపీ తూటా రివాల్వర్‌లో పెట్టేవాళ్లున్నారు. దూరినా పేల్చకూడదు, దాని పీడనం ఎక్కువ. సరే, ట్రిగ్గర్ నొక్కినా తూటా అసలు పేలకపోతే మీరేం చేస్తారు?

పిస్టల్ వాది: పిడిలోని తూటాల పెట్టె, అంటే మ్యాగజైన్ అడుగున అరచేత్తో కొట్టి, పిస్టల్ పైన జారే స్లైడ్ పూర్తిగా వెనక్కి లాగి వదులుతాం.

రివాల్వర్ వాది: రెండో చెయ్యి ఎదుటివాణ్ణి ఆపుతూ ఉంటే? మేం ట్రిగ్గర్ ఇంకోసారి నొక్కుతాం, సిలిండర్ తిరిగి కొత్త తూటా వస్తుంది. పైగా మీ ఏసీపీ తూటాకు అడుగున చిన్న అంచుంది. మ్యాగజైన్‌లో పై తూటా అంచు కింది దాని అంచుకు వెనక పడితే రెండూ మెలిపడతాయి. అప్పుడు ఎంత కొట్టినా, ఎంత లాగినా కదలదు, మ్యాగజైన్ ఊడదీయాల్సిందే.

పిస్టల్ వాది: అందుకే ఒక్కొక్క తూటా అంచు కింది దానికి ముందుండేలా నింపాలి. ముక్కు బోలుగా ఉండే పొట్టి హాలోపాయింట్లు వద్దు. అవి మ్యాగజైన్‌లో ముందూ వెనకా జరుగుతాయి, ఈ వేగానికి అవి తగిలాక విచ్చుకోవడమూ అనుమానమే. గుండ్రటి ముక్కు, పూర్తి రాగి తొడుగు చాలు. మీ రివాల్వర్ మాత్రం మొరాయించదా? తూటా అడుగున మందుకు నిప్పంటించే ప్రైమర్ కొంచెం పైకి పొడుచుకొస్తే సిలిండర్ తిరగదు. ఖాళీ తూటా తొడుగుల్ని బయటికి నెట్టే ఎజెక్టర్ నక్షత్రం కింద కాలని మందు పొడి చేరినా అంతే.

రివాల్వర్ వాది: ఒప్పుకుంటాను. అందుకే ఖాళీలు తీశాక నక్షత్రం కింద పాత టూత్‌బ్రష్‌తో దులపాలి. అంతకంటే ప్రమాదం వేరే ఉంది: మందు తక్కువైన తూటా. చప్పుడు పేలవంగా వస్తే ఆగిపోవాలి. గుండు బారెల్‌లోనే ఉండొచ్చు. దాని వెనక ఇంకోటి కాలిస్తే బారెల్ ఉబ్బుతుంది, పగలనూ వచ్చు.

పిస్టల్ వాది: అది పిస్టల్‌కూ వర్తిస్తుంది. మరి మీ ట్రిగ్గర్ బరువో? దూరం లాగాలి, గట్టిగా లాగాలి, ఆ లాగుడులో గురి కిందికో పక్కకో పోతుంది.

రివాల్వర్ వాది: పోతుంది, సాధన లేకపోతే. కానీ చిన్న ఏసీపీ పిస్టళ్లలో పేలినప్పుడు స్లైడ్‌ను ఆపేది స్ప్రింగు బిగువు, స్లైడ్ బరువు మాత్రమే, అందుకే స్ప్రింగు గట్టిగా ఉంటుంది. అరవై దాటిన వేళ్లకు అది లాగడం కష్టం. అలాంటివాళ్లు సగం లాగి వదిలేస్తే తూటా బారెల్ వెనక గదిలోకి, అంటే ఛాంబర్‌లోకి సరిగా ఎక్కదు.

పిస్టల్ వాది: ఆ ఒక్క మాటకు నా దగ్గర జవాబు లేదు. కొనేముందు ఖాళీ పిస్టల్ స్లైడ్ పదిసార్లు లాగి చూడమనండి. పదోసారికి చెయ్యి వణికితే, మీ రివాల్వరే కొనమనండి.