కండోమ్ అడక్కుండా అందాలి

పశువు ఎదకొస్తే డెల్టా రైతుకు ఇట్టే తెలిసిపోతుంది. అరుస్తుంది, మేత తగ్గిస్తుంది, తీగలు వేస్తుంది. ఆ పూట సూది వేయించకపోతే మళ్లీ 21 రోజులు ఆగాలని అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. మనిషి జాతిలో పరిణామం ఆ గుర్తుల్ని దాదాపు చెరిపేసింది. అండం ఎప్పుడు విడుదలైందో చాలామంది ఆడవాళ్లకు తమకే తెలియదు. కోరికకు రుతువూ లేదు. ఎందుకిలా అయిందన్న వాదం శాస్త్రవేత్తల మధ్య ఇంకా తెగలేదు గానీ, దాని ఫలితం మన ఇళ్లలో కనిపిస్తూనే ఉంది: గర్భం రాకూడదని రోజులు లెక్కపెట్టుకున్నవాళ్ల లెక్క తప్పుతోంది. వీర్యకణాలు 5 రోజుల దాకా బతకగలవు. నెలసరి నాలుగు రోజులు అటూ ఇటూ అయితే చాలు. పైగా ఏ లెక్కా సుఖరోగాన్ని ఆపదు.

గర్భాన్నీ రోగాన్నీ కలిపి అడ్డుకునేది కండోమే. దాన్ని చెడగొడుతున్నది మన మొహమాటం. మందుల షాపులో నలుగురూ వెళ్లేదాకా ఆగి కొనడం, పర్సులోనో బండి డిక్కీలోనో నెలల తరబడి దాచడం. మే ఎండకు డిక్కీలో రబ్బరు పెళుసెక్కుతుంది. ఇక కోనసీమలో చేతికందేది కొబ్బరినూనె. అదైనా, వాజ్‌లైనైనా కండోమ్ రబ్బరును (లేటెక్స్‌ను) నిమిషాల్లో బలహీనపరుస్తుంది. జారుడు కావాలంటే నీటితో చేసిన జెల్లీయే వాడాలి. ప్యాకెట్టు మీద తేదీ చూసి, వేలితో నొక్కితే లోపల గాలి తగలాలి. పళ్లతో చింపకూడదు. కొన నొక్కిపట్టి మొదలుదాకా విప్పాలి. తిరగేసి పెట్టినట్టు తెలిస్తే అది పారేసి కొత్తది తీయాలి. ఒకదాని మీద ఒకటి వేస్తే రాపిడికి చిరిగే ప్రమాదం పెరుగుతుంది. పని కాగానే అంచు పట్టుకుని బయటికి తీసి, ముడివేసి చెత్తలో వేయాలి, కాలవలో కాదు.

చిరిగితే గడియారం చూసుకోవాలి. గర్భం రాకుండా లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల మాత్ర 72 గంటల్లోపు, ఎంత ముందైతే అంత మేలు. హెచ్ఐవీ అనుమానముంటే దానికి మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్లాలి. సోకకుండా ఆపే మందులకూ గడువు 72 గంటలే, వాడాల్సింది 28 రోజులు. మూత్రంలో మంట, చీము కనిపిస్తే షాపులో రెండు మాత్రలు కొని మింగడం మన ఊళ్ల అలవాటు. గనేరియా అనే సుఖరోగం క్రిమి సల్ఫా, పెన్సిలిన్, టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్‌లను తట్టుకోవడం నేర్చింది ఇలాంటి అరకొర వైద్యం వల్ల కూడా. పూర్తి మోతాదు, అదీ ఇద్దరికీ ఒకేసారి పడాలి.

గల్ఫ్ వీసాకు పరీక్షకని నెత్తురిచ్చినప్పుడు లేని సిగ్గు, సెలవుకు ఇంటికొచ్చాక దంపతులకు ఎందుకు? ఐసీటీసీలో, అంటే సర్కారు హెచ్ఐవీ సలహా, పరీక్షల కేంద్రంలో, పరీక్ష ఉచితం. వివరాలు బయటికి పొక్కకూడదని 2017 హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం చెబుతోంది. సందేహాలకు 1097 ఫోన్ నంబరు ఉంది. కాకపోతే రోగం సోకిన కొత్తలో పరీక్షలో బయటపడకపోవచ్చు, మూడు నెలలు నిండాక మరోసారి చేయించాలి.

నిరోధ్‌లు ఆశా కార్యకర్త దగ్గర దొరుకుతాయంటారు. ఆమె వరసకు పిన్నో వదినో అయ్యే ఊళ్లో పెళ్లికాని కుర్రాడు ఏమని అడుగుతాడు? పీహెచ్‌సీ మరుగుదొడ్లలో, బస్టాండుల్లో, ఐస్ ఫ్యాక్టరీల్లో, రొయ్యల చెరువుల షెడ్లలో, లారీ ఆఫీసుల్లో కండోమ్ పెట్టెలు పెట్టాలి. ఎండ తగలని గోడకే బిగించాలి. నెలనెలా తేదీలు చూసి నింపే ఉద్యోగి ఎవరో వైద్యాధికారి పేరుతో సహా నిర్ణయించాలి.