ఇది ఏ మండలం బాబూ?

అసలు జుట్టు ఊడుతున్నది మా ఆవిడకి. ఈ ముక్క ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే మా అపార్ట్‌మెంట్‌లో కథ ఇంకోలా తిరుగుతోంది.

సెప్టెంబర్లో తనకి డెంగీ వచ్చి తగ్గింది. డిసెంబర్ వచ్చేసరికి దువ్వెన పెడితే చాలు, జుట్టు కుచ్చులు కుచ్చులుగా చేతికొచ్చేస్తోంది. బాత్‌రూమ్ జాలీ పూడిపోయి నీళ్ళు గడప దాటాయి. ఇక సలహాలు మొదలు. బోరు నీళ్ళ వల్లేనని పక్క ఫ్లాట్ ఆంటీ, షాంపూ వల్లని మా అక్క, కుంకుడుకాయలు మానేసిన పాపమని మా అమ్మ. తిరుపతిలో గుండు చేయించుకుంటే ఒత్తుగా వస్తుందని మామయ్యగారు. గుండు చేయిస్తే కుదుళ్ళేమీ మారవు, కత్తి పడిన కొస మొద్దుగా ఉంటుంది కనక ఒత్తుగా అనిపిస్తుందంతే. కానీ ఆ మాట మామయ్యగారితో ఎవరంటారు? ఈలోగా ఫోన్లో ‘ఉచిత హెయిర్ అనాలిసిస్’ అని ప్రకటన కనబడింది. మా ఆవిడ తన పేరు మీద బుక్ చేసింది. వెళ్ళాం.

అది కూకట్‌పల్లి వైపు, మెట్రో పిల్లర్ నంబరు చెబితే తప్ప దొరకని చోట ఉంది. తెల్లకోటు వేసుకున్న ఒక అమ్మాయి వచ్చింది. డాక్టర్ కాదట, హెయిర్ కౌన్సెలరట. మా ఆవిడ తల వంక ఒకసారి చూసింది. తర్వాత నా తల వంక చూసింది. చూపు ఇంక అక్కణ్ణించి కదల్లేదు.

“సార్, ముందు మీరు రండి.”

“నేను తోడు వచ్చానమ్మా.”

“పర్లేదు సార్, ఫ్రీయే కదా.”

ఫ్రీ అనేసరికి మా ఆవిడే మోచేత్తో నన్ను ముందుకు తోసింది.

ప్లైవుడ్ అడ్డం కట్టిన చిన్న గది. నా తల వంచి పట్టుకుని, మాడు మీద పెన్నులాంటి కెమెరా పెట్టింది. రెండు వందల రెట్లు పెద్దగా చూపిస్తుందట. గదిలో ఉండాల్సిన స్క్రీన్ పాడైంది కాబట్టి వైరు ప్లైవుడ్ మీదుగా అవతలికి వెళ్ళింది. అవతల ఉన్నది వెయిటింగ్ హాలు. ఆ హాల్లో గోడంత టీవీ. ఆ టీవీలో అప్పటిదాకా క్రికెట్ మ్యాచ్, ఆఖరి ఓవరు నడుస్తోంది.

ముందు “అయ్యో!” అని హాలంతా ఒక్కసారిగా మూలిగింది. ఎవరో అవుటయ్యారనుకున్నాను. తర్వాత కాసేపు నిశ్శబ్దం. ఆ తర్వాత ఒక పెద్దాయన గొంతు:

“ఇది ఏ మండలం బాబూ?”

“తెలీదండీ. అనంతపురం వైపే అయి ఉంటుంది.”

“డ్రోనుతో తీసినట్టున్నారు. ఈ ఏడు కూడా వానల్లేవా అక్కడ?”

“ఆ అంచున కాస్త చెట్లున్నాయి చూడండి. మధ్యలోనే ఏమీ లేదు.”

కరువు మీద న్యూస్ వస్తోందనుకున్నాను. తల వంచుకునే, పాపం రైతులు, అని జాలి కూడా పడ్డాను. కౌన్సెలర్ కెమెరాని నెమ్మదిగా నుదుటి నుంచి నడినెత్తికి జరుపుతూ, “ఒక్కో రంధ్రం నుంచి రెండు మూడు వెంట్రుకలు రావాలి సార్, మీకు ఒకటే వస్తోంది, అదీ సన్నగా” అంటోంది. అవతల పెద్దాయన, “ఇంకా లోపలికి పోతున్నారు, ఇక్కడ మరీ ఘోరం” అంటున్నాడు. “నష్టపరిహారం ప్రకటించారా?” అని ఇంకెవరో అడిగారు. అప్పుడామె నా మాడు మీద చుండ్రు పొలుసొకటి గీకి చూపిద్దామని వేలు పెట్టింది.

హాల్లో పిల్లాడొకడు కెవ్వుమన్నాడు. కరువు నేల మీదికి ఆకాశం నుంచి ఎర్ర గోరింటాకు పెట్టిన వేలొకటి దిగింది మరి.

“ఇది పొలం కాదండీ, తల!” అని ఎవరో కనిపెట్టారు. “ఎవరిదో?” అన్నారు ఇంకెవరో. దానికి మా ఆవిడ జవాబిచ్చింది. ఇవ్వకపోయినా నడిచిపోయేది. “మావారిదండీ” అంది, నలుగురికీ వినబడేలా.

లేవబోయాను. కౌన్సెలర్ వదలదే! “కదలకండి సార్, ఫోకస్ పోతుంది.” ఆ భంగిమలోనే మా వంశ చరిత్ర కూడా అడిగింది. మా అమ్మ వైపు మేనమామది నున్నటి తల. ఆయనది టెన్షన్ వల్ల ఊడిందని మా అమ్మ ఇప్పటికీ వాదిస్తుంది. నేను మాత్రం ఇన్నాళ్ళూ హెల్మెట్ మీదికి తోస్తూ వచ్చాను. నిజానికి మగవాళ్ళకి జుట్టు ఇలా నుదుటి నుంచి వెనక్కి పోయేది చాలావరకు వంశపారంపర్యమే. డీహెచ్‌టీ అనే హార్మోన్ ధాటికి, పుట్టుకతోనే ఆ గుణం ఉన్న కుదుళ్ళు ఏటేటా కుంచించుకుపోతాయి. జన్యువులు తల్లి వైపు నుంచే కాదు, తండ్రి వైపు నుంచీ వస్తాయి. ఆడవాళ్ళకీ ఇదే రావచ్చు, కాకపోతే వాళ్ళకి నుదుటి అంచున వెంట్రుకలు నిలిచి పాపిట వెడల్పవుతుంది. ఇవన్నీ ఆ తెల్లకోటు చెప్పలేదు. ఆమె చెప్పింది ఒకటే మాట, “టాక్సిన్స్ సార్.”

తర్వాత మా ఆవిడ వంతు. అర నిమిషం చూసింది. “టాక్సిన్స్ మేడమ్.” మా వెనక ఒక కుర్రాడికి తల మీద రూపాయి బిళ్ళంత నున్నటి మచ్చ ఉంది. పేనుకొరుకుడు అంటారు కానీ పేలకీ దానికీ సంబంధమే లేదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరబడి కుదుళ్ళ మీద పడుతుంది. వాడికీ టాక్సిన్సే. ముగ్గురికీ ఒకటే ప్యాకేజీ. లక్షకి కాస్త తక్కువ, వడ్డీ లేని ఈఎంఐ, జీఎస్టీ అదనం. ఇంకేం కొనకపోతే బాగుండదన్నట్టు బయోటిన్ అనే విటమిన్ సీసా ఒకటి చేతిలో పెట్టారు.

ఆ తర్వాత అసలైన చర్మ వ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ తల చూడకముందే అడిగిన ప్రశ్న, “రెండు మూడు నెలల కింద గట్టి జ్వరమేమైనా వచ్చిందా?” అని. ఆ తెల్లకోటు అమ్మాయి ఈ ఒక్క ప్రశ్న అడిగుంటే నా నెత్తి టీవీకెక్కేదా?

రోజూ యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం అందరికీ మామూలేనట. డెంగీ, టైఫాయిడ్ లాంటి జ్వరం వస్తే, కాన్పయితే, కడుపు మాడ్చుకుని బరువు తగ్గితే, చాలా కుదుళ్ళు ఒకేసారి విశ్రాంతిలోకి పోతాయి. ఆ వెంట్రుకలు వెంటనే రాలవు, రెండు మూడు నెలలాగి ఒక్కసారిగా రాలతాయి. అందుకే జ్వరం సంగతి మనం మర్చిపోయాక జుట్టు ఊడుతుంది, తిట్లు షాంపూ తింటుంది. చాలామందికి ఆరు నెలల్లో దానంతటదే సర్దుకుంటుందట. ఎందుకైనా మంచిదని ఐరన్ నిల్వలకి ఫెరిటిన్, థైరాయిడ్ పరీక్షలు రాసింది. నెలసరి సరిగ్గా వస్తోందా, పీసీఓఎస్ అనే అండాశయాల హార్మోన్ సమస్య ఉందా అని అడిగింది. జడ బిగించి లాగి వేయొద్దంది, రోజూ అలా లాగితే కణతల దగ్గర జుట్టు పలచబడుతుందట. బయోటిన్ సీసా చూసి మాత్రం ముఖం చిట్లించింది. అది ఎక్కువ మోతాదులో వేసుకుంటే థైరాయిడ్ రిపోర్టు తప్పు రావచ్చట, పరీక్షకి ముందు కొన్నాళ్ళు ఆపమంది.

అన్నట్టు, ఆ ఉచితానికి బిల్లు కూడా వేశారు. “అనాలిసిస్ ఫ్రీ సార్, ప్రింటవుట్‌కి ఛార్జ్.” కట్టాను. ఇంటికొచ్చి కవరు విప్పితే నా నడినెత్తి ఫొటోలు నాలుగు రంగుల్లో ఉన్నాయి. బుకింగ్ మా ఆవిడ పేరు మీద కదా, పైన ఆవిడ పేరు, ఆవిడ వయసు, ఆవిడ ఫోన్ నంబరు. కింద ‘స్త్రీ, బట్టతల, ముదిరిన దశ’ అని రాసుంది.

ఇప్పుడు రోజూ పొద్దున్నే ఫోన్ ఆవిడకే వస్తోంది. “మేడమ్, మీ బట్టతలకి నెలాఖరు దాకా ఆఫరుంది. ఇంట్లో సార్‌ని ఒప్పించమంటారా?”

ఇందాక స్పీకర్ ఆన్ చేసి ఫోన్ నా చేతికిచ్చింది.